దస్తావేజులకు కాపలా ఉన్న అమ్మవారు: గ్రీకుల మాతృదేవత గుళ్ల చిక్కుముడి

క్రీ.పూ. 4వ శతాబ్దపు ఏథెన్స్‌లో ఎవరికైనా ఒక చట్టం అసలు ప్రతి చూడాల్సి వస్తే వెళ్లాల్సింది కచేరీకి కాదు, గుడికి. ఊరి నడిబొడ్డున అగోరా అనే పెద్ద మైదానం ఉండేది. దాని పడమటి అంచున, నగర మండలి కూర్చునే భవనం పక్కనే దేవతల తల్లి గుడి. చట్టాలు, తీర్మానాలు, కోర్టు అభియోగ పత్రాలు అన్నీ అక్కడే. వాటిని చూసుకునే పని ఒక ప్రభుత్వ బానిసదని క్రీ.పూ. 343లో డెమాస్తనీస్ అనే వక్త ఒక కేసు వాదిస్తూ మాటల్లో మాటగా చెప్పాడు.

ఆ గుడిలో కొలువున్న దేవతేమో సింహాన్ని వెంటబెట్టుకుని కొండల్లో తిరిగేది. ఆమెకు ఇష్టమైనవి డప్పులు, తాళాలు, తోడేళ్ల ఊళలు, సింహాల గర్జనలు అని పాత గ్రీకు స్తోత్రం ఒకటి చెబుతుంది. అలాంటి అమ్మకీ రికార్డు గదికీ పొత్తు ఎలా కుదిరింది? ఇది తేలాలంటే ముందు మనం వాడే మాట సంగతి చూడాలి. సగం చిక్కు అందులోనే ఉంది.

ఎవరు అమ్మ, ఎవరు కాదు

“మాతృదేవత” అన్న మాటను టూరిస్టు గైడ్లు చాలా ధారాళంగా వాడేస్తారు. భూదేవి గయా, జ్యూస్ తల్లి రియా, పంటల దేవత డిమీటర్, ఎఫెసస్ నగరపు ఆర్టెమిస్ అందరినీ ఒకే గాటన కట్టేస్తారు. గ్రీకులు అలా కట్టలేదు. ఎవరి గుడి వాళ్లది, ఎవరి బలి వాళ్లది, ఎవరి పండగ వాళ్లది.

ఎక్కువ గందరగోళం ఎఫెసస్ ఆర్టెమిస్ దగ్గర వస్తుంది. ఆమె విగ్రహం ఛాతీ నిండా వరుసలు వరుసలుగా ఉబ్బెత్తు ఆకారాలు వేలాడుతుంటాయి. అవి స్తనాలనీ, కాబట్టి ఆమె లోకమాత అనీ తొలికాలపు క్రైస్తవ రచయితలు రాశారు. ఆ మాటే ఇప్పటికీ తిరుగుతోంది. విగ్రహాలను దగ్గరగా చూస్తే ఇది నిలబడదు. ముఖం, చేతులు నల్లరాతితో, మిగతాది వేరే రాతితో చేసిన ప్రతులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఆ ఉబ్బెత్తులు ఒంటి రంగులో లేవు, బట్టల రంగులో ఉన్నాయి. అంటే అవి శరీరం కాదు, పైన వేసిన అలంకారం. పైగా గ్రీకులకు ఆర్టెమిస్ కన్య.

డిమీటర్ పేరులో “మేతేర్” (అమ్మ) ఉంది, ఆమెకు కూతురూ ఉంది. అయినా ఏథెన్స్ దగ్గరి ఎలియూసిస్‌లో ఆమె కోసం కట్టింది వేల మంది దీక్షాపరులు ఒకేసారి కూర్చునే పెద్ద హాలు. దాని పద్ధతే వేరు. కవులు మాత్రం కలిపేసేవారు. క్రీ.పూ. 412లో యూరిపిడిస్ రాసిన ఒక నాటకంలో, తప్పిపోయిన కూతుర్ని వెతుక్కుంటూ తిరిగేది దేవతల తల్లే. కవి కలిపాడని పూజారి కలిపాడనుకోకూడదు.

ఇంతమందిలో పేరే “అమ్మ” అయిన దేవత ఒక్కతే, మేతేర్. మన మాతృ శబ్దానికీ ఈ మాటకూ మూలం ఒకటే. ఆమె గుడి పేరు మెత్రోయోన్. “అమ్మవారిది” అని అర్థం, అంతే. సిబిలీ అని ఇవాళ మనం పిలిచే దేవత ఈమే. కానీ ఏథెన్స్ ప్రభుత్వ శాసనాల్లో ఆమె “దేవతల తల్లి”. సిబిలీ అనే పేరు ఎక్కువగా కవుల నోట వినిపిస్తుంది.

కొండలోంచి వచ్చిన గుమ్మం

ఆమె పుట్టిల్లు ఇప్పటి టర్కీ నడిభాగం, అప్పటి ఫ్రిజియా. అక్కడ ఆమెను “మాతర్” అనేవారు. ఒకటి రెండు శాసనాల్లో “మాతర్ కుబిలేయా” అని ఉంది. ఆ విశేషణమే గ్రీకుల దగ్గర సిబిలీ అయింది. ఆమెకు కొండ పేరే ఇంటిపేరు. దిందుమోన్ కొండ మీదుంటే దిందుమేనే, ఇదా కొండ మీదుంటే ఇదాయా, సిపులోస్ దగ్గర సిపులేనే.

ఫ్రిజియాలో ఆమెకు కట్టిన గుడి అంటూ పెద్దగా లేదు, చెక్కిన గుమ్మం ఉంది. మిడాస్ నగరం అనే చోట దాదాపు 17 మీటర్ల ఎత్తున ఒక కొండ ముఖాన్ని చదును చేసి, ఇంటి ముందు గోడలా చెక్కారు. పైన రెండు వాలుల పైకప్పు త్రికోణం, గోడంతా జంపఖానా మీద ఉండేలాంటి గళ్ల నగిషీ, అడుగున ఒక గూడు. గూడు వెనక గది లేదు, మొత్తం రాయే. దేవత కొండలోంచి ఆ గుమ్మంలోకి వచ్చి నిలబడుతుందని భావం. 1800లో ఇక్కడికి వచ్చిన ఇంగ్లీషు యాత్రికుడు లీక్, పైన మిడాస్ పేరు చదివి ఇది మిడాస్ రాజు సమాధి అనుకున్నాడు. ఆ పొరపాటు చాలాకాలం నిలిచింది. సమాధి అంటే లోపల గది ఉండాలి కదా. ఇక్కడ గుమ్మమే గుడి.

ఈ ఒక్క సంగతి పట్టుకుంటే గ్రీకు దేశంలో ఆమె బొమ్మలన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. క్రీ.పూ. 6వ శతాబ్దం నుంచి గ్రీకులు ఆమెను చిన్న గుడి ఆకారపు చట్రంలో చెక్కారు. రెండు పక్కల స్తంభాలు, పైన త్రికోణం, మధ్యలో సింహాసనం మీద అమ్మ. దీన్ని నైస్కోస్ అంటారు, చిట్టి గుడి అన్నమాట. ఒడిలో ఒక సింహప్పిల్ల, లేకపోతే సింహాసనానికి అటొకటి ఇటొకటి సింహాలు. కుడిచేతిలో తర్పణం వదిలే లోతులేని గిన్నె, ఎడమచేతిలో తుంపానోన్. తుంపానోన్ అంటే గుండ్రటి చట్రానికి తోలు బిగించి చేత్తో వాయించే వాద్యం. మన డప్పుకు దగ్గరి చుట్టం. ఫ్రిజియా బొమ్మల్లో ఆమె నిలబడి ఉంటుంది, డప్పు ఉండదు. కూర్చోబెట్టిందీ, డప్పు ఇచ్చిందీ గ్రీకులే.

చిట్టి గుళ్లు చాలావరకు ఒకటిన్నర జానెడు, రెండు జానలు. ఇళ్లలోనూ బావుల్లోనూ దొరుకుతాయి. అందువల్ల ఒకచోట నైస్కోస్ దొరికింది కదా అని అక్కడ మెత్రోయోన్ ఉందని తేల్చెయ్యడం తప్పు. అది ఎవరో ఇంట్లో గూట్లో పెట్టుకున్నది కావచ్చు. తవ్వకాల నివేదికల్లో ఇలాంటి తొందరపాట్లు కనిపిస్తుంటాయి. గుడి అని చెప్పాలంటే కట్టడం పునాది, బయట బలిపీఠం, “దేవతల తల్లికి” అని పేరుతో కనీసం ఒక శాసనం ఒకే చోట కలవాలి. పెర్గమోన్ దగ్గరి మామూర్త్ కాలే కొండ అలా కలిసిన చోటు. క్రీ.పూ. 263లో చనిపోయిన పెర్గమోన్ పాలకుడు ఫిలెతాయిరోస్ కట్టించిన చిన్న గుడి అది. ఆయన పేరున్న అంకిత శాసనం దూలం మీదే ఉంది. చుట్టూ మట్టిబొమ్మలు కుప్పలుగా దొరికాయి. సిసిలీలోని అక్రాయ్‌లో దీనికి పూర్తిగా తిరగబడ్డ వ్యవహారం. అక్కడ గుడి లేదు, కొండవాలు వెంబడి 12 రాతి గూళ్లలో అమ్మ బొమ్మలు చెక్కి ఉన్నాయి. ఫ్రిజియా పద్ధతి అన్ని వందల మైళ్ల అవతల మళ్లీ మొలకెత్తినట్టు.

ఏథెన్స్: గుడి ముందా, రికార్డు ముందా

ఏథెన్స్ విషయంలో పుస్తకాలు సాధారణంగా ఒక కథతో మొదలుపెడతాయి. జోలె పట్టి తిరిగే అమ్మవారి పూజారి ఒకడు ఏథెన్స్ వచ్చాడట, జనం అతన్ని చంపి గోతిలో పడేశారట, ఊరికి తెగులు వచ్చిందట, దైవవాణి చెప్తే గుడి కట్టి శాంతింపజేశారట. కథ బాగుంది. అయితే దీన్ని మనకు చెప్పేవాళ్లలో ముఖ్యుడు రోమన్ చక్రవర్తి జూలియన్. ఆయన రాసింది క్రీ.శ. 362లో, అంటే జరిగిందంటున్న దానికి దాదాపు ఎనిమిది వందల ఏళ్ల తర్వాత. అంతకన్నా భవనం చెప్పే సాక్ష్యం నమ్మదగ్గది.

క్రీ.పూ. 500 ప్రాంతంలో అగోరా పడమటి వైపు దాదాపు 23 మీటర్ల చదరపు భవనం ఒకటి లేచింది. అది 500 మంది సభ్యుల మండలి కూర్చునే చోటు. దాని పక్కనే అదే కాలపు చిన్న గుడి పునాదులు దొరికాయి. అది అమ్మవారిదేనని కొందరి వాదన, కాదని కొందరి వాదన. 480లో పర్షియన్లు ఏథెన్స్‌ను తగలబెట్టారు. ఇక్కడో ముడి ఉంది. అంతకు ముందు, పర్షియా ఏలుబడి మీద ఆసియా తీరపు గ్రీకులు లేచిన అయోనియా తిరుగుబాటులో, గ్రీకులు లిడియాలోని సార్డిస్ నగరాన్ని తగలబెట్టినప్పుడు అక్కడి కుబేబే గుడి కాలిపోయింది. తర్వాత పర్షియన్లు గ్రీకు గుళ్లు తగలబెట్టడానికి దాన్నే సాకుగా చూపించారని హెరొడోటస్ రాశాడు. కుబేబే ఈ అమ్మకే లిడియా పేరు. ఆ అమ్మను ఏథెన్స్ వాళ్లు ఊరి నడిమధ్య పెట్టుకోవడంలో ప్రాయశ్చిత్తం కొంత కలిసి ఉండొచ్చన్న ఊహ నాకు జూలియన్ కథకన్నా సబబుగా కనిపిస్తుంది.

5వ శతాబ్దం చివరి పాతికేళ్లలో మండలికి వెనకవైపు కొత్త భవనం కట్టారు. పాత భవనం ఖాళీ కాలేదు. మండలి కాగితాలు అక్కడే ఉండిపోయాయి, అమ్మవారూ అక్కడే ఉంది. ఆ చోటికి “మెత్రోయోన్” అన్న పేరు స్థిరపడింది. అసలు ప్రశ్నకు జవాబు ఇదే. రికార్డుల కోసం దేవతను వెతకలేదు, దేవత కోసం రికార్డులు తేలేదు. ఇద్దరూ ఒకే వసారాలో ఉండేవాళ్లు. ఒకసారి అలా కుదిరాక దానికి అర్థం వచ్చి చేరింది. అమ్మ గుమ్మంలో పెట్టిన కాగితాన్ని దొంగిలిస్తే అది ఇక దొంగతనం ఒక్కటే కాదు, దైవద్రోహం.

భయం అందరికీ ఒకేలా లేదు. 5వ శతాబ్దం చివర్లో హెగెమోన్ అనే హాస్యనటుడి మీద ఎవరో కేసు వేశారు. అతను తోటి కళాకారులను వెంటబెట్టుకుని పలుకుబడి గల నాయకుడు ఆల్కిబియాడెస్ దగ్గరికి పరుగెత్తాడు. ఆల్కిబియాడెస్ వాళ్లందరినీ తీసుకుని నేరుగా మెత్రోయోన్‌కు వెళ్లాడు. వేలు నోట్లో పెట్టి తడిచేసుకుని, హెగెమోన్ కేసు రాసి ఉన్న చోట రుద్దేశాడు. గుమాస్తా, అధికారి కోపంగా చూశారు కానీ నోరెత్తలేదు. కేసు వేసినవాడు భయపడి అప్పటికే పారిపోయాడు. తర్వాతి కాలపు రచయిత అథెనాయస్ చెప్పిన ఈ సంఘటనలో పనికొచ్చే సమాచారం ఆ తడి వేలు. తడి వేలితో చెరిగేది రాతి శాసనం కాదు. సున్నం పూసిన చెక్క పలక మీద రాసింది మాత్రమే అలా చెరుగుతుంది. తాత్కాలికమైన రాతకోతలు అలాంటి పలకల మీద, దాచాల్సినవి పాపిరస్ మీద, జనం చూడాల్సినవి రాతి మీద ఉండేవి. బయట ఎండలో నిలబెట్టిన రాతి ప్రతిని మనం ఇవాళ మ్యూజియంలో చూస్తున్నాం. లోపల అమ్మ దగ్గరున్న అసలు ప్రతి ఒక్కటీ మిగల్లేదు.

దాదాపు ఎనభై ఏళ్ల తర్వాత, 330లో లైకర్గస్ అనే వక్త కోర్టులో ఇలా అడిగాడు. ఎవరైనా మెత్రోయోన్‌లోకి వెళ్లి ఒక్క చట్టాన్ని చెరిపేసి, “ఒక్క చట్టం పోతే ఊరికి ఏమవుతుంది” అంటే, మీరు వాడికి మరణశిక్ష వెయ్యరా? ఈ రెండింటి మధ్య కాలంలో ఆ గది విలువ ఎంత పెరిగిందో చూడండి.

క్రీ.పూ. 399లో సోక్రటీస్ మీద వేసిన అభియోగ పత్రం అక్కడ ఇంకా ఉందని క్రీ.శ. 2వ శతాబ్దంలో ఫావొరినస్ అనే రచయిత రాశాడు. అయిదు వందల ఏళ్లు! ఆ మధ్యలో అపెల్లికోన్ అనే పుస్తకాల పిచ్చివాడు పాత తీర్మానాల అసలు ప్రతులు అక్కణ్ణుంచే కాజేసి, దొరికిపోయి ఊరు వదిలి పారిపోయాడు. తొట్టిలో కాపురం ఉన్నాడని మనం చదువుకున్న డయోజినిస్ తన తొట్టి పెట్టుకున్నదీ మెత్రోయోన్‌లోనే. తొట్టి అంటే చెక్కది కాదు, ధాన్యం, నూనె దాచే నిలువెత్తు మట్టి కాగు.

లోపలి విగ్రహాన్ని చెక్కింది పేరుమోసిన శిల్పి ఫిడియాస్ అని గ్రీకు యాత్రా రచయిత పౌసానియస్, ఫిడియాస్ శిష్యుడు అగోరాక్రిటోస్ అని రోమన్ రచయిత ప్లినీ. శిష్యుడి పని మీద గురువు పేరు పడటం గ్రీకు శిల్పంలో మామూలే, కాబట్టి శిష్యుడి వైపు మొగ్గేవాళ్లే ఎక్కువ. నల్లసముద్రం ఒడ్డున ఒక అమ్మవారి బొమ్మను చూసిన అర్రియన్ అనే రచయిత, చేతిలో వాయించే తాళం, సింహాసనం కింద సింహాలు, కూర్చున్న తీరు అచ్చం ఏథెన్స్ మెత్రోయోన్‌లోలా ఉందని రాశాడు. మనకు దొరికే చిట్టి గుళ్లలో ఎక్కువ భాగం ఆ విగ్రహానికి నకళ్లే.

క్రీ.పూ. 2వ శతాబ్దం మధ్యలో పాత భవనాన్ని తీసేసి కొత్తది కట్టారు. నాలుగు గదులు పక్కపక్కనే, ముందు అన్నింటికీ కలిపి అయోనిక్ స్తంభాల పొడుగాటి వసారా. ఉత్తరం వైపు గదిలో మధ్యన ఆకాశం కనిపించే ముంగిలి ఉంది. ముందునుంచి చూస్తే అది గుడిలా ఉండదు, బజారులో ఇంకో వసారాలా ఉంటుంది. గ్రీకు గుడి అంటే చుట్టూ స్తంభాలే అనుకుని వెళ్లినవాళ్లు దీని ముందునుంచే దాటిపోతారు.

ఒలింపియా: అమ్మ వెళ్లిపోయాక

చుట్టూ స్తంభాలున్న మెత్రోయోన్ కావాలంటే ఒలింపియా వెళ్లాలి. క్రీ.పూ. 4వ శతాబ్దం మొదట్లో కట్టిన డోరిక్ గుడి అది. ముందూ వెనకా 6, పక్కల 11 స్తంభాలు. స్తంభాలు నిలిచే పై మెట్టు కొలత 10.62 మీటర్లకు 20.67 మీటర్లు. అక్కడే ఉన్న జ్యూస్ గుడికి ఆ కొలతలు 27.68, 64.12. వైశాల్యం లెక్కవేస్తే జ్యూస్ గుడిలో ఇలాంటివి ఎనిమిది పడతాయి.

దాని దగ్గర్నుంచే పరుగు పందెం మైదానానికి దారి. దారి పక్కన వరుసగా జ్యూస్ కంచు విగ్రహాలు ఉండేవి. అవన్నీ పోటీల్లో మోసం చేసినవాళ్లు కట్టిన జరిమానాలతో పోసినవి. మొదటి ఆరు, క్రీ.పూ. 388లో ప్రత్యర్థులకు డబ్బిచ్చి గెలిచిన థెస్సలీ బాక్సర్ యూపోలోస్ పుణ్యం. ఇప్పుడు 16 పీఠాలు మిగిలాయి.

క్రీ.శ. 2వ శతాబ్దంలో పౌసానియస్ లోపలికి తొంగిచూసేసరికి అమ్మ బొమ్మ లేదు. రోమన్ చక్రవర్తుల విగ్రహాలున్నాయి. పేరు మాత్రం ఇంకా మెత్రోయోన్ అనే అంటున్నారని ఆయన రాసిపెట్టాడు. దూలం మీద అగస్టస్‌కు అంకితం చేస్తూ కొత్త రాత చెక్కారు. తవ్వకాల్లో మనిషికి రెండింతలు మించిన అగస్టస్ విగ్రహం ముక్కలు, క్లాడియస్, టైటస్ విగ్రహాలు బయటపడ్డాయి. తర్వాత క్రీ.శ. 3వ శతాబ్దంలో హెరూలీ అనే తెగ దండయాత్ర భయంతో గోడ కట్టుకోవడానికి ఈ గుడి రాళ్లే ఊడబెరికారు. ఇవాళ అక్కడ కనిపించేది పునాది, కొన్ని మెట్లు. నిలబడి ఉన్న గుడి కోసం వెళితే నిరాశే.

పూజ ఎవరు చేసేవారు

ఈ అమ్మ పేరెత్తగానే చాలామందికి గుర్తొచ్చేది తమను తాము నపుంసకులుగా చేసుకున్న పూజారులు, గోతిలో కూర్చుని మీద పడే ఎద్దు రక్తంతో స్నానం. నపుంసక పూజారులు ఫ్రిజియాలోని పెస్సినూస్ పట్టణంలో, తర్వాత రోమ్‌లో ఉన్నారు. ఎద్దు బలి క్రతువు క్రీ.శ. 2వ శతాబ్దం నుంచి రోమన్ల కాలపు వ్యవహారం. ఏథెన్స్ ప్రాంతంలో దొరికిన ఆ బలిపీఠాలు రెండూ క్రీ.శ. 4వ శతాబ్దానివి. వాటిని తీసుకెళ్లి సోక్రటీస్ కాలంలో పెడితే లెక్క ఏడెనిమిది వందల ఏళ్లు తప్పుతుంది.

గ్రీకు ఊళ్లలో ఆమె పూజారులు ఎక్కువగా మామూలు ఇళ్ల ఆడవాళ్లు. ఏథెన్స్ రేవు పిరేయస్‌లో అమ్మవారి భక్త సంఘం ఒకటి క్రీ.పూ. 183 ప్రాంతంలో చేసిన తీర్మానం రాతి మీద దొరికింది. దేవతల గురించి అందులో ఉన్నది తక్కువ, ఖర్చుల గోల ఎక్కువ. ఏటా మారే పూజారిణికి అలంకరణల ఖర్చు తడిసి మోపెడవుతోంది. కాబట్టి రెండు సింహాసనాలు అందంగా సిద్ధం చేస్తే చాలు, అమ్మ కోసం చందా ఊరేగింపులో గిన్నెలు పట్టుకునే స్త్రీలకు వెండి నగలు వేస్తే చాలు అని హద్దు గీశారు. మీరితే 50 ద్రాక్మాల వరకు జరిమానా. గుడి పరిచారిక పదవి ఒక్కరికే రెండోసారి ఇవ్వకూడదు, మాజీ పూజారిణులందరికీ వంతు వచ్చేదాకా ఆగాలి. ఎనిమిదేళ్లకే అదే రాతి మీద ఇంకో తీర్మానం చెక్కారు. మెత్రోదోరా అనే ఆమె బాగా చేస్తోంది కాబట్టి ఆమెకు జీవితాంతం పరిచారిక పదవి. సంఘాలు నడిపినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఏమీ కనిపించదు.

థీబ్స్‌లో కవి పిండార్ ఇంటి పక్కన దిందుమేనే అమ్మ గుడి ఉండేది. ఏడాదికి ఒక్కరోజే తలుపు తీసేవారు. తన అదృష్టం కొద్దీ సరిగ్గా ఆ రోజే అక్కడికి చేరానని పౌసానియస్ పొంగిపోతూ రాశాడు. పెంటెలికోన్ పాలరాతి విగ్రహాన్నీ సింహాసనాన్నీ కళ్లారా చూశాడు.

ఏథెన్స్ అగోరాకు వెళ్లేవాళ్లు పడమటి వైపు, గుట్ట మీద చెక్కుచెదరకుండా నిలిచిన హెఫాయిస్టోస్ గుడి కిందికి దిగి చూడాలి. ఎర్రటి గులకరాతి పునాది గీతలు నాలుగు గదులుగా కనిపిస్తాయి. దక్షిణం నుంచి రెండో గదిలో రేఖాకృతుల మొజాయిక్ నేల ఉంది. అయితే అది అమ్మవారి కాలపుది కాదు, క్రీ.శ. 5వ శతాబ్దంలో వేసింది. మైదానానికి తూర్పున అత్తలోస్ వసారాలో మ్యూజియం ఉంది. జానెడున్నర పాలరాతి గుమ్మంలో, ఒడిలో సింహప్పిల్లతో కూర్చున్న అమ్మ కోసం అక్కడ వెతకాలి.